ఆ ఓడలో రాత్రి భోజనం ఎన్నింటికండీ? తెలుగు ట్రావెల్ ఏజెంట్లకు ఒక బహిరంగ లేఖ

అమెరికాలోనూ యూరప్‌లోనూ మన తెలుగు కుటుంబాలకు క్రూయిజ్ టికెట్లు అమ్మే ట్రావెల్ ఏజెంట్లకు,

నమస్కారమండీ.

కిందటేడు జూన్ ప్రయాణానికి మీలో ఒకరి దగ్గర నేను నాలుగు కేబిన్లు బుక్ చేశాను. మా నాన్నగారికి డెబ్బయ్యేళ్లు నిండాయని అందరం కలిసి ఎక్కడికైనా వెళ్దామనుకున్నాం. అమ్మా నాన్నా కాకినాడ నుంచి, అక్కావాళ్లు జర్మనీలోని స్టుట్‌గార్ట్ నుంచి, మేం న్యూజెర్సీ నుంచి వచ్చి బార్సిలోనాలో ఓడ ఎక్కాం. మొత్తం పది మందిమి, ఏడు రాత్రులు. ఓడ పేరు రాయను, ఆ ఏజెంటుగారి పేరూ రాయను. నిజానికి ఓడ తప్పేమీ లేదు. అది ఎవరి కోసం నడుస్తోందో వాళ్లు హాయిగా తిని, తాగి, పాడుకుని దిగారు. ఎవరి కోసం నడుస్తోందో మాకు ముందే చెప్పలేదన్నదే నా ఫిర్యాదు.

మొదటి రాత్రి సంగతి చెప్తాను. ఓడల్లో పెద్ద డైనింగ్ హాల్లో రాత్రి భోజనం మన పెళ్లి భోజనాల్లాగే బంతులుగా పెడతారు. మొదటి బంతి, రెండో బంతి. ఏ బంతి కావాలో బుకింగ్ అప్పుడే చెప్పాలి. మా ఏజెంటుగారు నన్ను అడగకుండానే రెండోది పెట్టేశారు. ఫ్లోరిడా ఓడల్లో అది ఎనిమిదింటికి ఉంటుంది కాబట్టి ఇక్కడా అంతేనని ఆయన లెక్క. ఇక్కడ రెండో బంతి తొమ్మిదిన్నరకి. మాతోపాటు ఎక్కిన స్పెయిన్ వాళ్లకి అదే సరైన వేళ, ఇంటి దగ్గరా వాళ్లు తొమ్మిది దాటాకే తింటారు. మా నాన్నగారికి ఇరవై ఏళ్లుగా షుగరు. ఏడున్నరకి ఇన్సులిన్ వేసుకుని ఎనిమిదిలోపు తినేస్తారు. ఆ రోజూ అలవాటు ప్రకారం సూది వేసుకుని, కొత్త చొక్కా తొడుక్కుని హాలు దగ్గరికి వెళ్లి నిలబడ్డారు. లోపల మొదటి బంతి నడుస్తోంది. మీది తొమ్మిదిన్నరకి అని చీటీ చూపించి పంపేశారు. పైనున్న బఫేకి పరిగెత్తాం. ఆ వేళకి అక్కడ పిజ్జా ముక్కల కోసం పెద్ద లైను. లైన్లోనే ఆయనకి చెమటలు పట్టి చేతులు వణకడం మొదలైంది. అక్క కొడుకు జేబులో చాక్లెట్ ఉండబట్టి గండం గడిచింది. మర్నాడు రిసెప్షన్‌లో బతిమాలి మొదటి బంతికి మార్పించుకున్నాం. ఒక్క ఫోన్ కాల్‌తో తేలిపోవాల్సిన విషయం ఇది.

రెండో రాత్రి నీళ్ల గొడవ. కుర్చీలో కూర్చున్న నిమిషానికి ఐసు నీళ్ల గ్లాసు ముందుకు రావడం నాకు అలవాటు. ఇక్కడ వెయిటర్ వచ్చి గ్యాస్ నీళ్లా, మామూలు నీళ్లా అని అడిగి సీసా మూత తీశాడు. వెంటనే కేబిన్ ఖాతాలో రాసుకున్నాడు. "ఓడ చుట్టూ నీళ్లే. లోపల నీళ్లకి డబ్బులా?" అన్నారు నాన్న. నాకూ కోపం వచ్చింది. అక్క మాత్రం నవ్వేసి, హోటల్లో నీళ్ల సీసా కొనుక్కోవడంలో వింతేముందే అంది. జర్మనీలో, ఇటలీలో, స్పెయిన్‌లో అదే పద్ధతట. నీళ్లకి సీసా లెక్కన డబ్బులు తీసుకునేవాళ్లు మీ అమెరికాలోలా టిప్పుల కోసం మొహం చూడరు కదా అని కూడా అంది. ఒకే ఇంట్లో, ఒకే కుండలో నీళ్లు తాగి పెరిగిన ఇద్దరం ఆ టేబుల్ దగ్గర పావుగంట వాదించుకున్నాం. నేను అమెరికా వెళ్లి పద్దెనిమిదేళ్లు, అది జర్మనీ వెళ్లి ఇరవై రెండేళ్లు. నేను అమెరికా ప్రయాణికురాలిగా, అక్క యూరప్ ప్రయాణికురాలిగా మారిపోయామని ఆ పూట తెలిసింది. మీరు మమ్మల్నిద్దర్నీ 'తెలుగు ఫ్యామిలీ, పది మంది' అని ఒకే గడిలో రాసుకున్నారు.

ఈ తేడా ఇప్పటిది కాదు, ఎవరి మొండితనమూ కాదు. సరదా కోసం ఓడ ప్రయాణం అనేదాన్ని మొదట వ్యాపారంగా పెట్టింది యూరప్ వాళ్లే. 1891లో జర్మనీలోని హాంబర్గ్ ఓడల కంపెనీకి చెందిన ఆల్బర్ట్ బాలిన్ చలికాలంలో ఖాళీగా ఉండే అట్లాంటిక్ ఓడను డబ్బున్నవాళ్లతో మధ్యధరా సముద్రం చుట్టూ తిప్పాడు. ఊళ్లు చూడటం కోసం ఓడ ఎక్కడం ఆ పద్ధతి. ఓడ అంటే కదిలే హోటలు, అంతే. అమెరికాలో ఈ వ్యాపారం అసలు ఊపందుకున్నది 1960ల చివర్లో, మయామిలో. 1972లో కార్నివాల్ కంపెనీ పాత అట్లాంటిక్ ఓడ ఒకటి కొని మార్డీ గ్రా అని పేరు పెట్టి దించింది. మొదటి ప్రయాణంలోనే అది మయామి దాటుతూ ఇసుకలో కూరుకుపోయింది. అయినా 'ఫన్ షిప్' అనే పేరుతో నిలదొక్కుకున్నారు. ఊళ్ల సంగతి ఎలా ఉన్నా ఓడలోనే జాతర జరగాలన్నది వీళ్ల సూత్రం.

దీని వెనక సెలవుల లెక్క ఉందని నా నమ్మకం. యూరోపియన్ యూనియన్ చట్టం ప్రకారం ఉద్యోగికి ఏడాదికి కనీసం 4 వారాల జీతంతో కూడిన సెలవు ఇవ్వాలి. అమెరికాలో ఫెడరల్ చట్టం ఒక్క రోజు కూడా ఇవ్వమని చెప్పదు, అంతా కంపెనీ దయ. మా ఆయనకి ఏడాదికి పదిహేను రోజులు, అందులో పది ఇండియా ప్రయాణానికి దాచుకోవాలి. అలాంటి మనిషికి మిగిలిన ఆ కాస్త వారంలోనే అన్నీ కావాలి. పిల్లలకి నీళ్ల జారుడుబల్ల, తనకి నిద్ర, నాకు వంట లేకపోవడం, రాత్రికి షో. 2024 జనవరిలో మయామి నుంచి బయల్దేరిన ఐకాన్ ఆఫ్ ది సీస్ అనే ఓడనే చూడండి. 20 అంతస్తులు, 7 ఈత కొలనులు, 6 జారుడుబల్లలు, దాదాపు 2,50,000 గ్రాస్ టన్నులు. అందులో ఎక్కినవాళ్లు ఊరు చూడకుండా వెనక్కి వచ్చినా ఏమీ పోగొట్టుకున్నట్టు అనుకోరు. అక్కావాళ్లకి ఏడాదికి ముప్పై రోజుల సెలవు. వాళ్లు రెండు వారాలు తీరిగ్గా వెళ్తారు, ఓడ దిగి ఊళ్లో కాఫీ తాగి, మ్యూజియం చూసి వస్తారు. రేవులో ఆరు గంటలే ఆగితే తిట్టుకుంటారు. (తమాషా ఏమిటంటే ఐకాన్ కట్టింది ఫిన్లాండ్‌లోని తుర్కులో. అమెరికా వాళ్ల జాతర ఓడలు చాలావరకు పుట్టేది ఫిన్లాండ్, ఫ్రాన్స్, ఇటలీ, జర్మనీ షిప్‌యార్డుల్లోనే.)

ఇటువైపు దెబ్బ తిన్నది మా బావగారు. అంతకు రెండేళ్ల ముందు నేనే పట్టుబట్టి అక్కావాళ్లని ఫ్లోరిడా నుంచి కరీబియన్ ఓడ ఎక్కించాను. మూడో రోజు ఓడ బహామాస్‌లో ఒక దీవి దగ్గర ఆగింది. బావగారు టోపీ, కెమెరా, జేబులో కాసిని డాలర్ల నోట్లు పెట్టుకుని దిగారు. గంట తిరిగి వచ్చి, "ఊరెక్కడమ్మా?" అని నన్నడిగారు. ఊరు లేదు. బహామాస్‌లోని ఇలాంటి దీవుల్లో కొన్నింటిని కంపెనీలు సొంతం చేసుకున్నాయి, కొన్నింటిని అద్దెకు తీసుకున్నాయి. నార్వీజియన్ కంపెనీ 1977 నుంచే ఒకదాన్ని వాడుకుంటోంది. రాయల్ కరీబియన్ కోకోకే దీవిని ఏకంగా వాటర్ పార్కుగా మార్చి 2019లో తెరిచింది. బడి లేదు, గుడి లేదు, సంత లేదు. ఓడలో వాళ్లే ముందు దిగి వండి పెడతారు, సాయంత్రం వాళ్లే సర్దుకుని ఎక్కేస్తారు. నా పిల్లలకి ఆ ట్రిప్పులో అన్నిటికంటే నచ్చిన రోజు అదే. బావగారు మాత్రం ఇప్పటికీ దాన్ని 'ఊరు లేని ఊరు' అంటారు.

చివరి రోజు బిల్లు చూసినప్పుడు ఆయన మొహం నేను మర్చిపోలేను. అమెరికన్ ఓడల్లో మనిషికి రోజుకు దాదాపు 16 నుంచి 20 డాలర్లు టిప్పుల కింద ఖాతాలో పడుతుంది. పసిపిల్లల్ని మినహాయిస్తే పిల్లలకీ అంతే. బార్‌లో తాగినదాని మీద వేరే. నలుగురికి వారానికి అయిదు వందల డాలర్ల దాకా తేలింది. వారం రోజులూ ఆ వెయిటర్ పిల్లల్ని పేరు పెట్టి పిలిచి, రుమాలుతో కోతిబొమ్మలు చేసి, భోజనం ఎలా ఉందని నాలుగుసార్లు అడిగాడు. "ఇంత ప్రేమ ఎందుకో ఇప్పుడర్థమైంది" అన్నారు బావగారు. నాకు కష్టమనిపించింది. ఆ వెయిటర్ గోవా అబ్బాయి, నిజంగానే మంచివాడు. కానీ బావగారిదీ తప్పు కాదు. ఆయన ఉండే చోట ప్యాకేజీ టూరుకి తప్పనిసరి ఖర్చులన్నీ కలిపిన మొత్తం ధర ముందే చూపించాలని 2015 నాటి యూరోపియన్ యూనియన్ నిబంధన ఉంది. చూసిన ధరే కట్టే ధర అని అక్కడి మనిషి నమ్మకం. అమెరికాలో మొన్నమొన్నటిదాకా పన్నులూ రేవు ఫీజులూ కూడా చివరి పేజీలో కనిపించేవి. 2024 జులైలో కాలిఫోర్నియా చట్టం అమల్లోకి వచ్చాక కంపెనీలు వాటిని ముందు ధరలో కలపడం మొదలుపెట్టాయి. టిప్పులు ఇంకా బయటే ఉన్నాయి.

ఇప్పుడు మీ గురించి. ఈ తేడాలు మాకు చెప్పేదెవరండీ అని మీరు అనవచ్చు. ఓడ కంపెనీలకి ఇవన్నీ కొట్టినపిండి. మయామిలోని కార్నివాల్ కార్పొరేషన్ చేతిలోనే అమెరికా వాళ్ల కార్నివాల్ ఉంది, ఇటలీ వాళ్ల కోస్టా ఉంది, జర్మనీ వాళ్ల ఐడా ఉంది, బ్రిటన్ వాళ్ల పీ అండ్ ఓ ఉంది. యజమాని ఒక్కడే, వంటలు నాలుగు రకాలు. ఐడాలో టిప్పులు ధరలోనే ఉంటాయి, బఫే భోజనంతో బీరూ వైనూ కూడా వస్తాయి. బ్రిటన్ పీ అండ్ ఓలో 2019 నుంచి టిప్పుల గోలే లేదు, పైగా గదిలో టీ కాచుకోవడానికి కెటిల్ పెడతారు. అదే యజమాని అమెరికన్ ఓడలో మీరు కెటిల్ తీసుకెళ్తే నిప్పు ప్రమాదమని గేటు దగ్గరే లాక్కుంటారు. రాయల్ కరీబియన్ జర్మనీ కంపెనీతో సగం వాటాగా నడిపే మైన్ షిఫ్‌లో కూడా టిప్పులు, చాలావరకు డ్రింకులు టికెట్‌లోనే. ఎవరికి ఏది వడ్డించాలో వాళ్లకి పైసాతో సహా తెలుసు. మధ్యలో ఉన్న మీరు మాత్రం అన్నిటినీ 'సెవెన్ నైట్స్, బాల్కనీ, ఇంత' అని ఒకే గాటన కట్టి వాట్సాప్‌లో పెడుతున్నారు.

కెటిల్ అంటే గుర్తొచ్చింది. మా అమ్మ చిన్న రైస్ కుక్కర్ తెచ్చింది. సెక్యూరిటీ వాళ్లు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, చీటీ కట్టి, దిగేటప్పుడు ఇస్తామన్నారు. అది దాదాపు అన్ని ఓడల్లోనూ ఉన్న రూలే. మీ దగ్గర టికెట్లు కొనే తెలుగువాళ్లలో సగం మంది పెట్టెలో కుక్కరో, ఇండక్షన్ స్టవ్వో ఉంటుందని మీకు బాగా తెలుసు. ఒక్క మాట ముందే చెప్తే ఆ వయసులో ఆవిడ అంతమందిలో తలదించుకోవాల్సిన పని లేదు.

సిగరెట్ పొగ విషయం మరీ కష్టం. అమెరికన్ పెద్ద కంపెనీలు 2014 ప్రాంతంలోనే బాల్కనీల్లో సిగరెట్ కాల్చడం మాన్పించాయి. కాబట్టి బాల్కనీ అంటే మంచి గాలి అని నేను అమ్మకి ఎక్కువ డబ్బు పెట్టి తీసుకున్నాను. యూరప్ ఓడల్లో చాలాచోట్ల అది ఇంకా కాల్చుకునే చోటే. పక్క కేబిన్ పెద్దాయన ఉదయం ఆరింటికి మొదలుపెట్టేవాడు. ఆస్త్మా ఉన్న మనిషికి అద్దాల తలుపు మూసుకుని కూర్చోవడమే మిగిలింది. ఆయన్ని నేనేమంటాను? రూలు ఆయన వైపే ఉంది.

ఎక్కే పద్ధతి కూడా వేరు. ఫ్లోరిడా ఓడ మన కాశీయాత్ర బస్సు లాంటిది, అందరూ ఒకే చోట ఎక్కి, ఒకే చోట దిగుతారు. మధ్యధరా ఓడ పల్లెవెలుగు. బార్సిలోనాలో కొందరు, మార్సే‌లో కొందరు, జెనోవాలో కొందరు ఎక్కుతూ, వారం తర్వాత ఎక్కినచోటే దిగుతూ ఉంటారు. అందుకని రోజూ ఎవరికో అది మొదటి రోజు, ఎవరికో ఆఖరి రోజు. రోజూ ఎవరివో పెట్టెలు వరండాల్లో అడ్డంగా ఉంటాయి. కొత్తగా ఎక్కినవాళ్లకి రోజూ లైఫ్ జాకెట్ డ్రిల్ ఉంటుంది. దాన్ని విసుక్కోకూడదు. 2012 జనవరిలో కోస్టా కాంకోర్డియా మునిగి 32 మంది చనిపోయిన రాత్రి, కొన్ని గంటల ముందు ఎక్కినవాళ్లకి ఇంకా డ్రిల్ జరగలేదు. తర్వాతే ఓడ బయల్దేరే ముందు గానీ బయల్దేరగానే గానీ డ్రిల్ చెయ్యాలని రూలు మారింది. ఇక ప్రకటనలు అయిదు భాషల్లో. ఇటాలియన్, ఫ్రెంచ్, స్పానిష్, జర్మన్ అయ్యాక చివరికి ఇంగ్లీషు. నాన్న వాచీ పెట్టుకుని లెక్కపెట్టేవారు. అన్నిట్లోకీ పొడుగు ఇటాలియనేనట, ఇంగ్లీషుకొచ్చేసరికి చెప్పేవాడికే ఓపిక అయిపోయేదట. అక్కకి మూడు భాషలు అర్థమవుతాయి కాబట్టి దానికి అది సంగీతం.

జర్మన్ ఓడల గురించి ఒక్క మాట చెప్పి ఊరుకుంటాను, ఇబ్బందిగానే ఉంది కానీ చెప్పాలి. అక్కావాళ్లు ఒకసారి అలాంటి ఓడలో వెళ్లారు. మెనూ నుంచి షో దాకా అంతా జర్మనే. అక్కడి ఆవిరి స్నానపు గదుల్లో ఆడా మగా కలిసే ఉంటారు, ఒంటి మీద బట్టలుండవు. ఈత దుస్తులతో లోపలికి వెళ్తేనే తప్పు. వాళ్లకది శుభ్రత, ఆరోగ్యం, అంతకుమించి ఏమీ లేదు. అయితే 'స్పా ఫ్రీ అండీ, పెద్దవాళ్లకి మోకాళ్ల నొప్పులకి మంచిది' అని చెప్పి ఎవరి అమ్మానాన్నల్నైనా పంపే ముందు దయచేసి ఈ ముక్క చెవిన వేయండి.

మన అలవాట్లు అడిగి ఓడ నడపడం కుదరదా అంటే కుదురుతుంది. 2022లో విశాఖపట్నం వచ్చిన, కోర్డేలియా అనే మన దేశపు కంపెనీ వాళ్ల ఎంప్రెస్ ఓడను మనవాళ్లు చాలామంది ఎక్కారు. దాని పుట్టుక తెలుసా మీకు? 1990లో ఫ్రాన్స్‌లోని సెయింట్ నజైర్‌లో, రాయల్ కరీబియన్ వాళ్లు మయామి నుంచి బహామాస్‌కి మూడు నాలుగు రాత్రుల ట్రిప్పుల కోసం కట్టించుకున్నది. అంటే సెలవు దొరకని అమెరికన్ కోసం పుట్టిన ఓడ అది. ఇప్పుడు అదే ఇనుములో జైన భోజనం వండుతున్నారు. చేతులు మారాక ఎవరు ఎక్కుతున్నారో చూసుకుని వంటగది మార్చుకున్నారు. 2025 ఏప్రిల్‌లో మయామిలో దిగిన ఎమ్మెస్సీ ఓడకి పేరే 'వరల్డ్ అమెరికా'. యూరప్ కంపెనీ అయి ఉండి, ఎవరి కోసం కట్టారో పేరులోనే చెప్పేశారు. పేరులో చెప్పని ఓడలకి ఆ పని మీరు చేయాలి.

నేను అడిగేది కొత్త ఫారమూ కాదు, డిస్కౌంటూ కాదు. డబ్బు తీసుకునే ముందు పది నిమిషాలు మాట్లాడండి. ఇంట్లో షుగరు ఉన్నవాళ్లు ఉన్నారా, ఎన్నింటికి తింటారు అని అడగండి. పిల్లలు ఓడలో ఆడుకోవాలా, మీకు ఊళ్లు చూడాలని ఉందా అని అడగండి. శాకాహారం అంటే ఆ ఓడ వాళ్లకి పప్పు కూర అని అర్థమో, వంకాయ మీద చీజ్ అని అర్థమో కనుక్కోండి. టిప్పులు కలిపి మొత్తం ఎంత అవుతుందో ఒక్క అంకెలో చెప్పండి, యూరప్ ఓడైనా సరే, ఎందుకంటే అక్కడా కొన్ని కంపెనీలు సర్వీస్ చార్జీ వేరేగా వేస్తాయి. అన్నిటికీ మీ దగ్గర జవాబు ఉండకపోవచ్చు. కనుక్కుని చెప్తానంటే మేం ఆగుతాం. కరీబియన్‌కి నాలుగుసార్లు వెళ్లిన కుటుంబానికి మధ్యధరా కూడా అలాంటిదే, కాకపోతే చర్చిలు ఎక్కువ అని మాత్రం చెప్పకండి. మా ఏజెంటుగారు నాకు సరిగ్గా ఈ మాటే చెప్పారు.

వచ్చే మార్చిలో మళ్లీ అందరం కలవాలనుకుంటున్నాం. ఓడ ఎవరు ఎంచాలన్న దాని మీద నాకూ అక్కకీ ఇంకా తెగలేదు. అది నార్వే అంటుంది, నేను బహామాస్ అంటున్నాను, బావగారు ఊరున్న ఊరైతే చాలంటున్నారు. నాన్న మాత్రం ఎక్కడైనా సరే కానీ రాత్రి ఏడున్నరకల్లా కంచం ముందుండాలన్నారు. ఈ ఉత్తరం మీలో ఎవరు చదివినా సరే, ఆయన అడిగినదానికి ముందు జవాబు పంపండి. డిపాజిట్ ఆ తర్వాతే కడతాను.

ఇట్లు,
ఎడిసన్, న్యూజెర్సీ నుంచి
మీ పాత కస్టమర్ ఒకరు